ఇసుక నదిలోకి మురుగు: తిరుపతి నీటి చరిత్రలో ఒక అధ్యాయం

తిరుపతి నేల ఉత్తరాన శేషాచలం పాదాల నుండి దక్షిణ, ఆగ్నేయ దిక్కులకు, స్వర్ణముఖి వైపు వాలి ఉంటుంది. కొండ మీద కురిసిన వాన వంకలుగా దిగి చెరువుల్లో నిలిచి, నిండిన చెరువు మిగులు నీటిని వదిలే మొరవల మీదుగా పొర్లి, చివరకు నదిని చేరేది. విజయనగర కాలంలో భక్తులు సమర్పించిన ధనాన్ని ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయించడానికి వెచ్చించి, అందువల్ల పెరిగిన పంటతో స్వామికి నైవేద్యాలు జరిపించేవారని తిరుమల, తిరుపతి శాసనాలు తెలుపుతున్నాయి. నగర మురుగు చరిత్రను ఈ నీటి ఏర్పాటు నుండి విడదీయలేము. పల్లానికి పారడం నీటి స్వభావం కనుక, నివాసాలు పెరిగిన కొద్దీ చెరువులకు నీరు తెచ్చిన వంకల్లోకే ఇళ్ల మురుగూ చేరింది.

పందొమ్మిదో శతాబ్దపు పాలకులు తిరుపతి పారిశుద్ధ్యాన్ని ప్రధానంగా కలరా భయంతోనే చూశారు. ఉత్సవాలకు వచ్చిన యాత్రికులు తిరుగు ప్రయాణంలో వ్యాధిని ఊరూరికీ మోసుకుపోతారన్న ఆందోళన 1866 నాటి కాన్‌స్టాంటినోపుల్ అంతర్జాతీయ ఆరోగ్య సదస్సులోనూ వినిపించింది. కలకత్తాలో రాబర్ట్ కాక్ కలరా సూక్ష్మజీవిని వేరుచేసిన 1884లోనే మద్రాసు ప్రభుత్వం జిల్లా మునిసిపాలిటీల చట్టాన్ని తెచ్చింది. రెండేళ్లకు, 1886లో, తిరుపతి మునిసిపాలిటీ ఏర్పడింది. వ్యాధిని అడ్డుకోవాలన్న ఆ తపన సరైనదే, కానీ అది యాత్రికుడి మీద పెట్టినంత దృష్టిని ఊరు వాడి వదిలే నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మీద పెట్టలేదు.

తరువాతి కాలంలో శ్రమంతా నీరు తేవడం మీదే సాగింది. 1977లో కల్యాణి డ్యామ్ పూర్తయింది. ఆపై తెలుగు గంగ ద్వారా కండలేరు జలాశయం నుండి కృష్ణా జలం అందింది. 2011 నాటికి నగర జనాభా 2.87 లక్షలు, రోజూ వచ్చిపోయే యాత్రికులు ఆ లెక్కలో లేరు. సరఫరా అయిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా మారుతుందని ఇంజినీర్లు లెక్కగడతారు కనుక, దూరం నుండి తెచ్చిన ప్రతి ధార దిగువన మరో ధారను పుట్టించింది. రేణిగుంట మండలంలోని తూకివాకం వద్ద నెలకొన్న శుద్ధి కేంద్రం దాని కోసమే.

శుద్ధి ఎంత జరగాలన్నది నిర్ణయించే కొలమానానికి మాత్రం వేరే దేశపు చరిత్ర ఉంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేసేటప్పుడు నీటి నుండి ఎంత ప్రాణవాయువును వాడుకుంటాయో తెలిపే కొలతను జీవరసాయన ఆక్సిజన్ అవసరం, వాడుకలో బీఓడీ, అంటారు. బ్రిటన్ రాయల్ కమిషన్ 1912లో శుద్ధి చేసిన మురుగుకు బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదన్నది, అయితే దానికి కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నదీజలం కలుస్తుందన్న షరతు మీద. పరీక్షను భారతీయ ప్రమాణాలు ఇక్కడి వేడికి తగినట్లు మార్చి, 20 డిగ్రీల వద్ద ఐదు రోజులకు బదులు 27 డిగ్రీల వద్ద మూడు రోజులుగా స్థిరపరిచాయి. ఉష్ణోగ్రతను సవరించారు గానీ, పారే నది ఉంటుందన్న ఊహను సవరించలేదు.

స్వర్ణముఖి అలాంటి నది కాదు. కల్యాణి, భీమా నదులు తొండవాడ దగ్గర వచ్చి కలిసినా, వానాకాలం దాటితే దాని నీరు ఇసుక కిందే ఉంటుంది. జనం చెలమలు తీసి తాగారు, రైతులు ఊటకాలువలు తవ్వి పొలాలకు పారించారు. పైన పలుచన చేసే ప్రవాహం లేనప్పుడు నదిలోకి వదిలిన మురుగు నేరుగా ఊటలోకి ఇంకుతుంది. అందులోని నత్రజని నైట్రేటుగా మారి బావులకు చేరుతుంది, ఆ నైట్రేటును బీఓడీ పరీక్ష పట్టుకోలేదు. కొంత మలినాన్నైనా వడకట్టే ఇసుకనే ఇళ్ల నిర్మాణానికి తవ్వి తరలించడం నష్టాన్ని రెట్టింపు చేసింది. తిరుపతికి తగిన ప్రమాణం నది ఒడ్డున కాక, తిరుచానూరు నుండి శ్రీకాళహస్తి దాకా ఉన్న బావుల దగ్గర మొదలు కావలసింది.