మందు ఆగిపోయిన చోట

మందుల చరిత్ర కనిపెట్టినవాడి పేరుతో మొదలై, ఆ పేరుతోనే ముగుస్తుంది. మన బోదకాలు బిళ్ల కథా అంతే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించాడు. డైఇథైల్‌కార్బమజీన్ అక్కడే 1947లో వెలుగులోకి వచ్చింది.

ఫైలేరియా పురుగు కోసం పుట్టిన ఈ మందు, నలభై ఏళ్ల తర్వాత పిల్లుల దగ్గరికి చేరింది. పిల్లులకు ల్యుకేమియా వైరస్ ఒకటుంది. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దాన్ని గుర్తించింది. ఎయిడ్స్ వైరస్ లాగే ఇదీ రెట్రోవైరస్. రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది, రక్తహీనతనీ కేన్సర్‌నీ తెస్తుంది. ఎయిడ్స్‌కి మందు వెతుకుతున్న ఆ రోజుల్లో పరిశోధకుల చూపు ఈ పిల్లుల మీద పడింది. కిచెన్‌తో కలిసి పశువైద్యురాలు సూసన్ కాటర్ 1988లో ఓ పరిశోధన ప్రచురించింది. ఈ మందు తీసుకున్న పిల్లుల రక్తంలో యాంటీబాడీలు ఎలా మారాయో చూశారు. మందు వైరస్‌ని నేరుగా చంపకపోయినా, శరీరాన్ని పోరాటానికి లేపుతుందేమోనని ఆశ. కానీ అది స్థిరపడిన చికిత్స కాలేదు. ఈ వైరస్‌ని పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికీ లేదు. జబ్బు పిల్లిని ఇంట్లో ఉంచి, వేళకు తిండిపెట్టి, కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మరి మనుషుల సంగతి? 2004 నుంచి మన దేశంలో ఈ బిళ్లను ఊరూరా పంచుతున్నారు. గర్భిణులకు ఇవ్వరు. కాలు వాచి ముదిరిపోయాక బిళ్ల ఆ వాపును తీసెయ్యలేదు. రోజూ కాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, పుండు పడకుండా చూసుకోవాలి. గోదావరి జిల్లాల ఇళ్లలో అత్తకో, నాన్నకో ఆ కాలు కడిగేదెవరు? సాధారణంగా ఆడవాళ్లే. ఆమె కాలే వాచితే ఎవరు కడుగుతారు?

సుబ్బారావు కథలోనూ ఈ ఖాళీ ఉంది. 1922లో మామగారి సాయంతో దేశం దాటినవాడు 1948లో చనిపోయేదాకా తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. మందు ఆగిపోయిన చోట మొదలయ్యే చాకిరీనీ, ఎదురుచూపునీ చరిత్ర లెక్కలో చేర్చమనే అడుగుతున్నాం.