వడ్రంగియు రేఖాగణితమును

సంస్కృతమున ‘సూత్రధారుఁ’డనఁగా వడ్రంగి యనియు నర్థము కలదు, దారము పట్టి కొలుచువాఁడు. అయినను మనము కొలతశాస్త్రమును చదువరులకును, కొలిచెడు పనిని వడ్రంగులకును పంచి యిచ్చి, నడుమ గోడ కట్టితిమి. ఆ గోడను దాఁటిన యొక వడ్రంగి చరిత్రమును పాఠకులకు నివేదించుచున్నాము.

ఆంద్రె జాకబ్ రూబో 1739లో జన్మించెను. తండ్రి వడ్రంగి. రూబో చిత్రిక పట్టుచునే, బ్లోండెలను వాస్తువిద్యాగురువు నొద్ద రేఖాగణితమును, చిత్రలేఖనమును నేర్చెను. 1769 మొదలుకొని 1775 వఱకు నాతని ‘వడ్రంగికళ’ ఫ్రెంచి శాస్త్రపరిషత్తు ప్రకటనలలో వెలువడెను. అందలి పటములు పెక్కింటిని తానే చెక్కెను. చేతిపనివాఁడు వ్రాసినదానిని పండితసభ యాదరించుట మాకు విశేషముగాఁ దోఁచుచున్నది.

ఆ గ్రంథమున మాకు మిక్కిలి నచ్చినది పనిబల్ల వర్ణనము. 5, 6 అంగుళముల మందముగల యొక్కటే మ్రాను. కాళ్ల కొనలు దానిని దూసికొని పైవఱకు వచ్చి బిగిసియుండును. బల్ల బెజ్జమున నొక వంకర యినుపకొక్కెమును దూర్చి సుత్తితోఁ గొట్టినచో, దాని క్రింది చెక్క కదలదు. కాడను వెనుకనుండి తట్టినచో వదలును. చెక్క కదలినచో నంచు వంకరవోవును; అంచు వంకరవోయినచోఁ గోణము తప్పును. యూక్లిడునకు రాని చిక్కు ఇది.

1783లో పారిసు ధాన్యపుటంగడిపై సుమారు 39 మీటర్ల వెడల్పుగల కొయ్యగుమ్మటము లేచెను. లెగ్రాఁ, మొలినోలు రూపకర్తలు, వడ్రంగము రూబోది. పెద్దదూలములు లేవు. పొట్టిపలకలను వంపుగాఁ గోసి, ఒకదాని యతుకు వేఱొకదాని నడుమకు వచ్చునట్లు జోడించిరి. ఈ పద్ధతిని ఫిలిబేర్ దె లోర్మ్ 1561లోనే వ్రాసియుండెను. 1802లో గుమ్మటము కాలిపోఁగా, తరువాత నినుముతోఁ గట్టిరి. రూబో 1791లోనే గతించియుండెను. ఆతని పటములను జూచి పనిబల్లలు చేసికొనువారు నేఁటికిని కలరు.