బడి కోసం అడవి అమ్మాల్సిందేనా?

మొక్కలకు పేర్లు పెట్టింది మన పెద్దలు. ఆ పేర్లు రాసుకుని పేరు తెచ్చుకున్నది మాత్రం ఎక్కువసార్లు బయటివాళ్లు. ఒక జనం తమ మొక్కలను ఎలా గుర్తిస్తారో, ఎలా వాడుకుంటారో తెలుసుకునే శాస్త్రాన్ని ఎథ్నోబోటనీ అంటారు. ఆ శాస్త్రం చదివినవాళ్లు రాసుకుని వెళ్లిపోకుండా జనం పక్కన నిలబడితే ఏం జరుగుతుందో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవుల చరిత్ర చెబుతుంది.

పాల్ అలన్ కాక్స్ అమెరికా వృక్షశాస్త్రవేత్త. 1970లలో మత ప్రచారం కోసం సమోవా వెళ్లి అక్కడి భాష నేర్చుకున్నారు. తల్లి క్యాన్సర్‌తో చనిపోయాక, ఆ జబ్బుకు మందు వెతుకుతూ 1984లో కుటుంబంతో సహా మళ్లీ వెళ్లారు. సవాయి దీవిలోని ఫలెఅలుపో గ్రామంలో ఉన్నారు. సమోవాలో చెట్లమందుల విద్య ఎక్కువగా ఆడవాళ్లది. తల్లి నుంచి కూతురికి వస్తుంది. కాక్స్ వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల భాషలోనే విని నేర్చుకున్నారు.

వాళ్లలో ఎపెనెసా మౌయిగోవా ఒకరు. మమాల అనే చిన్న చెట్టు బెరడును పచ్చకామెర్లకు ఎలా వాడాలో ఆమె చెప్పారు. మన గూడేల్లోనూ పచ్చకామెర్లకు పసరు ఇచ్చే పెద్దలు ఉన్నారు కదా, అలాంటి విద్యే అది. కాక్స్ పంపిన నమూనాలను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరీక్షించింది. మమాలలో ఉన్న ప్రోస్ట్రాటిన్ అనే పదార్థం హెచ్ఐవి క్రిమి మీద పనిచేస్తున్నట్లు తేలింది. ఆ సంగతి 1992లో అచ్చయింది.

ఈలోగానే అడవికి గండం వచ్చింది. సమోవాలో దాదాపు 80 శాతం భూమి ఆచారం ప్రకారం కుటుంబాలది, ఊళ్లది. ‘మతాయి’ అనే పెద్దలు దానికి బాధ్యులు. ఫలెఅలుపో పెద్దలకు అడవి అమ్మాలని లేదు. కానీ పిల్లలకు మంచి బడి కట్టకపోతే టీచర్లు ఉండరని ప్రభుత్వం చెప్పింది. ఊరి చేతిలో డబ్బు లేదు. 1988లో గత్యంతరం లేక కలప కంపెనీకి చెట్లు నరికే హక్కు ఇచ్చారు.

ఈ సంగతి తెలిసి, బడి ఖర్చు తాను సమకూరుస్తానని కాక్స్ పెద్దలకు మాట ఇచ్చారు. పెద్దలు నరుకుడు ఆపాలని తీర్మానించారు. ఫుయోనో సెనియో అనే పెద్ద అడవికి పరుగెత్తి వెళ్లి నరికేవాళ్లను ఆపారు. 1989లో ఒప్పందం రాసుకున్నారు. దాదాపు 30,000 ఎకరాల అడవిని నరకకూడదు; అయితే ఊరివాళ్లు మందుమొక్కలు తెచ్చుకోవచ్చు, తమ అవసరాలకు అడవిని వాడుకోవచ్చు. భూమి ఊరిదే. అడవిని కాపాడటానికి అడవిబిడ్డలను బయటికి పంపాలనే మాట మన చెవుల్లో మోగుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఊరే కాపలాదారు. 1990, 1991లలో వచ్చిన పెద్ద తుఫానులు అడవిని దెబ్బతీశాయి. అయినా ఊరు మాట తప్పలేదు. 1997లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతిని కాక్స్, సెనియో ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

మందు నుంచి డబ్బు వస్తే ఎవరికి ఎంత అనేది కూడా కాగితం మీద పెట్టారు. ప్రోస్ట్రాటిన్‌పై పరిశోధన చేసే అమెరికా సంస్థతో 2001లో కుదిరిన ఒప్పందంలో లాభంలో 20 శాతం సమోవాకు రాశారు. అందులో 12.5 శాతం ప్రభుత్వానికి, 6.7 శాతం ఫలెఅలుపోకు, మిగిలింది విద్య చెప్పిన వైద్యుల కుటుంబాలకు. ప్రోస్ట్రాటిన్ ఇంకా ఆమోదం పొందిన మందు కాలేదు. కానీ వాటా ముందే రాసి ఉంది.

కాక్స్ మంచి పని చేశారు. అయినా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఆయన రాకపోతే? బడి కావాలంటే అడవి ఇవ్వాలి అన్న బేరమే అన్యాయం. రోడ్డు, ఆసుపత్రి, బడి చూపించి మన కొండలు అడిగేవాళ్లు మన దగ్గరికీ వస్తారు. బడి మన పిల్లల హక్కు. దానికి అడవి వెల కాదు. ప్రతి ఊరికీ ఒక కాక్స్ రాడు.

మనకు ఇక్కడ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కును గుర్తించింది. ఆ హక్కు నిలవాలంటే జ్ఞానం బతికి ఉండాలి. టీచర్లూ, యువతీ యువకులూ, మీ ఊరి అవ్వల దగ్గర కూర్చోండి. మొక్క పేరు మన భాషలో రాయండి, చెప్పిన మనిషి పేరూ రాయండి, వాళ్లు చెప్పవద్దన్నది రాయకండి. ఆ పుస్తకం గ్రామసభ దగ్గరే ఉండాలి. బయటినుంచి ఎవరు అడిగినా, ముందు గ్రామసభను అడగమని చెప్పాలి. రేపటి ఎథ్నోబోటనీ శాస్త్రవేత్త మన గూడెం బిడ్డే ఎందుకు కాకూడదు?