పులిసింది వేరు, పులియబెట్టింది వేరు



హిందూపురం, మదనపల్లె, కుప్పం, కోలారు వైపు మీ ఊళ్లలో బెంగళూరుతో రాకపోకలు లేని ఇల్లు అరుదు. ఆ నగరంలో ఇవాళ హోటలును ఆనుకునే బీరు తయారుచేసే చిన్న బ్రూవరీలు చాలా ఉన్నాయి. ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో మొదలైంది. తరువాత మరెన్నో వచ్చాయి. ఇప్పుడు కొత్తగా బ్రూవరీ పెట్టేవారికి ఒక సందేహం కలుగుతుంది. ఐరోపాలో మాదిరి పుల్లని బీరు కూడా చేయవచ్చునా అని. ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతుకుదాం.

బెంగళూరు దండు 1809లో ఏర్పడింది. ఆ కాలంలో తెల్ల సిపాయిలు తాగే బీరు ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి మన దేశానికి వచ్చేది. దారిలో వేడికి పులిసిపోయే భయం ఉండేది. అందుకని అందులో హాప్స్ అనే తీగ పూలు ఎక్కువగా వేసేవారు. ఆ పూల చేదు, పులుపు పుట్టించే సూక్ష్మజీవులను అణచిపెడుతుంది. ఇండియా పేల్ ఏల్ అనే రకానికి మన దేశం పేరు అలా వచ్చింది. తరువాత చల్లని కొండ ఊళ్లలో బ్రూవరీలు వెలిశాయి. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండు దేశస్థుడు దక్షిణాది బ్రూవరీలు కొన్నింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. 1947లో విఠల్ మాల్యా దాని తొలి భారతీయ డైరెక్టరు అయ్యారు.

ఈలోగా శాస్త్రం కూడా పులుపు మీద యుద్ధం ప్రకటించింది. బీరు ఎందుకు చెడిపోతుందో లూయీ పాశ్చర్ 1876లో గ్రంథం రాసి వివరించాడు. 1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే రకం ఈస్టును వేరుచేసి పెంచాడు. అప్పటినుంచి పులుపు అంటే బ్రూవరీకి శత్రువే.

అయినా పులుపును వదలని ఊళ్లు కొన్ని ఉన్నాయి. బ్రస్సెల్స్ పరిసరాల్లో లాంబిక్ అనే బీరును గాలిలోని సూక్ష్మజీవులకే వదిలి, చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిలవచేస్తారు. లైప్‌జిగ్‌లో గోజె అనే పుల్లని బీరులో ఉప్పు, ధనియాలు వేస్తారు. 1960లలో ఆగిపోయిన ఆ బీరును 1980లలో మళ్లీ మొదలుపెట్టారు.

మన నాలుకకు ఈ రుచి కొత్తదా? ఆలోచించండి. రాత్రి కుండలో ఉంచిన రాగి అంబలి తెల్లవారేసరికి పుల్లబడుతుంది. దోసె పిండి పొంగుతుంది. పొద్దున తియ్యగా ఉన్న ఈత కల్లు మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల బంధువులే పుల్లని బీరునూ తయారుచేస్తాయి.

కాబట్టి నా అభిప్రాయం, చేయవచ్చు. కాని రెండు షరతులు.

మొదటిది పద్ధతి. లాంబిక్‌ను అక్కడ కూడా చలికాలంలోనే కాస్తారు. వేడి నెలల గాలిలో బీరును చెడగొట్టే సూక్ష్మజీవులు ఎక్కువ. బెంగళూరు ఎంత చల్లని ఊరైనా బ్రస్సెల్స్ కాదు. దానికి వేరే మార్గం ఉంది. మొలకెత్తించిన బార్లీ రసాన్ని కొద్ది వేడిలో ఉంచి తోడు వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో పుల్లబడుతుంది. వెంటనే మరగబెడితే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. ఆ తరువాతే ఈస్టు వేస్తారు. అలా మరగబెట్టకపోతే తోడు మిగిలిన తొట్లలోకి పాకి, మంచి బీరంతా పారబోయవలసి వస్తుంది. ఇక చెడిపోయిన బీరునే "ఇది పుల్లని రకం" అని అమ్మితే, ఆ బ్రూవరీ పరువు ఒక్కరోజులో పోతుంది.

రెండో షరతు నిజాయితీ. పుల్లగా ఉంది కదా, మజ్జిగలాంటిదే అనుకుంటే పొరపాటు. అందులో మత్తు ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై పోరాడిన తరువాత మన రాష్ట్రంలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో తొలగింది. కర్ణాటకలో 2007లో సారాను నిషేధించారు. తాగుడు ఎన్ని ఇళ్లలో పొయ్యి ఆర్పిందో సరిహద్దు జిల్లాల వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అందుచేత మత్తు శాతం ఎంతో గ్లాసు ఇచ్చే ముందే చెప్పాలి.

పులిసిపోవడం అజాగ్రత్త, పులియబెట్టడం విద్య. ఈ తేడా మన ఇళ్లలో అంబలి కుండ దగ్గర కూర్చున్న అవ్వలకు ఎప్పటినుంచో తెలుసు. కొత్త బ్రూవరీకి కూడా తెలిసి ఉంటే చాలు.

సెలవు.