ముహూర్తానికి అందిన తీగ

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించినది ఏదైనా వ్రాయమన్నారు. రాజుల చరిత్ర వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగమంతా కాగితాలు నడిపినవాణ్ణి గనుక, ఒక సభకు తీగలు వేసిన చరిత్ర చెబుతాను.

మా మనవడు కంప్యూటరు చదువులో ఉన్నాడు. "తాతయ్యా, ఇంటర్నెట్టుకు ముందున్న నెట్‌వర్కును నలుగురికీ మొదట చూపించింది ఒక హోటల్లో, తెలుసా?" అన్నాడొకనాడు. ఆ మాట పట్టుకుని చదవటం మొదలుపెట్టాను.

అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పా అనే సంస్థ 1969లో నాలుగు చోట్ల ఉన్న కంప్యూటర్లను కలిపి ఆర్పానెట్ అనే నెట్‌వర్కును ప్రారంభించింది. సెకనుకు 50 కిలోబిట్లు మోసే టెలిఫోను లైన్లను అద్దెకు తీసుకున్నారు. రెండు మూడేళ్ళలో లైన్లు పెరిగాయి గాని వాడకం పెరగలేదు. వేర్వేరు కంపెనీల కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే అన్నింటికీ ఒకే పద్ధతి కుదరాలి. అందుకు కావలసిన ప్రోగ్రాములు చాలాచోట్ల సగంలో ఆగి ఉన్నాయి. పెండింగు ఫైళ్ళ సంగతి మనకు ఒకరు చెప్పాలా!

1972 అక్టోబరులో వాషింగ్టన్ నగరంలోని హిల్టన్ హోటల్లో కంప్యూటర్ కమ్యూనికేషన్ మీద అంతర్జాతీయ సదస్సు జరగవలసి ఉంది. ఆర్పాలో ఈ పని చూస్తున్న లారీ రాబర్ట్స్ ఆ సదస్సులో నెట్‌వర్కును బహిరంగంగా చూపించాలని సంకల్పించి, బాధ్యతను బాబ్ కాన్‌కు అప్పగించారు. కాన్‌గారికి ఎమ్.ఐ.టి. నుంచి అల్ వెజ్జా తోడయ్యారు. ఏర్పాట్లకు సుమారు ఏడాది పట్టింది.

ఆ జాబితా చూస్తే ఆడపెళ్ళివారి జాబితాలా ఉంటుంది. హోటలు హాల్లోకి లైన్లు రప్పించాలి. టిప్ అనే యంత్రాన్ని అక్కడికి చేర్చాలి. దానికి 63 టెర్మినళ్ళ వరకు తగిలించవచ్చు. సుమారు 40 టెర్మినళ్ళు వేర్వేరు తయారీదారుల నుంచి రావాలి, ఒక్కొక్కదాన్ని పనిచేయించాలి. దేశం ఆ చివర ఉన్న కంప్యూటర్లు కూడా ఆ వేళకు సిద్ధంగా ఉండాలి. కొత్తగా వచ్చినవాడు ఏ అక్షరం నొక్కితే ఏమి జరుగుతుందో చెప్పే చిన్న పుస్తకం కావాలి. దానిని హార్వర్డ్ విద్యార్థి బాబ్ మెట్‌కాఫ్ సిద్ధం చేశారు. దాన్ని చూసుకుంటూ చదరంగం ఆడవచ్చు, వార్తలు చదవవచ్చు, దక్షిణ అమెరికా భూగోళం మీద ప్రశ్నలకు జవాబులు చెప్పవచ్చు.

తేదీ ఖరారయ్యాక ఎవరూ వాయిదా అడగటానికి లేకపోయింది. ఆగిన ప్రోగ్రాములు కదిలాయి. అక్టోబరు 24 నుంచి 26 వరకు సదస్సుకు వచ్చినవారు స్వయంగా టెర్మినళ్ళ ముందు కూర్చుని దూరపు కంప్యూటర్లను పనిచేయించి చూశారు. దిష్టిచుక్క లేకపోలేదు. టెలిఫోను కంపెనీ పెద్దలకు చూపిస్తుండగానే నెట్‌వర్కు ఆగిపోయిందనీ, వారు నవ్వుకున్నారనీ మెట్‌కాఫే తరువాత చెప్పుకున్నారు. కొద్దిసేపటికి మళ్ళీ నడిచింది. ఆ సదస్సులోనే వివిధ దేశాలవారు కలిసి ఒక అంతర్జాతీయ బృందంగా ఏర్పడ్డారు. 1974లో కాన్, వింట్ సెర్ఫ్ కలిసి ప్రచురించిన వ్యాసం నేటి ఇంటర్నెట్టుకు పునాది అయింది.

ఇది చదువుతుంటే నాకు 1996 నాటి మా శాఖ సదస్సు గుర్తుకు వచ్చింది. జిల్లా కేంద్రంలో హాలు, అందులో ఒక కంప్యూటరు. దాన్ని టెలిఫోను లైను మీద హైదరాబాదు కంప్యూటరుతో కలిపి అధికారులకు చూపించాలి. తాత్కాలిక లైను కోసం ఉత్తరం పెట్టే పని నా సీటుది. "ఒక్క ఉత్తరమే కదా" అనుకున్నాను. ఆ కాగితం నా బల్ల మీద తొమ్మిది రోజులు ఉంది.

సదస్సు రోజున పెద్దలు చూసి, "లైను ఏదీ?" అని అడిగి, భోజనానికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం లైన్‌మన్ తీగ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. మా అధికారి అందరి ఎదుటా అతన్ని చెడామడా తిట్టారు. "మాకు కాగితం నిన్న సాయంత్రమే అందిందండీ" అన్నాడతను. ఎవరూ వినిపించుకోలేదు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

అతని పేరు కూడా అడగలేదు. ఆ తరువాత ప్రమోషను వచ్చింది, రిటైరయ్యాను, పెన్షను వస్తోంది. ఆ మధ్యాహ్నం మాత్రం నా సర్వీసు రిజిస్టరులో ఎక్కలేదు. హిల్టన్ హోటల్లో ఏడాది ముందునుంచి ఒక్కొక్క పని రాసుకుని చేయించినవారిని గురించి చదివినప్పుడు, నేను ఆ తొమ్మిది రోజులు లెక్కపెట్టుకున్నాను. అతడు ఎక్కడైనా ఈ సంచిక చదివితే, తప్పు నాదని నలుగురి ముందు ఒప్పుకుంటున్నాను.

చివరగా కార్యదర్శిగారికి ఒక మనవి. వచ్చే సర్వసభ్య సమావేశానికి మైకు పెట్టే కుర్రవాడికి ఈసారైనా వారం ముందు కబురు పంపండి. మైకు గరగరమంటే దయచేసి అతన్ని కసరకండి. ముందు మన కాగితం ఎప్పుడు వెళ్ళిందో చూడండి.