వంటపుస్తకమును నమ్ముట యెట్లు?

వంటపుస్తకముల చరిత్రను గూర్చి చెప్పుటకు ముందు మా యింటి ముచ్చట యొకటి విన్నవించెదను.

ఇది నేను పుట్టకమునుపటి మాట. మా తల్లి భద్రాచలమున పెరిగి, ఖమ్మము చెంతనున్న పల్లెకు కోడలై వచ్చినది. అత్తగారు కాశీయాత్రకు పోయిన సమయమున ఇంటనున్న అచ్చుపుస్తకము చూచి నూరు నిమ్మకాయలు ఊరవైచినది. అందు ఉప్పు సేర్ల లెక్కన నున్నది. ఆ పుస్తకము హైదరాబాదు సీమలోనిది. దాని సేరు 80 తులములు. మా తల్లి యెరిగిన చెన్నపురి సేరు 24 తులములు. ఆమె తన లెక్కనే తులములు కట్టి ఉప్పు తూచినది. అత్తగారు తిరిగి వచ్చునప్పటికి జాడీ నిండ బూజు! పుస్తకము చూచియే చేసితినని కోడలు. పుస్తకము చూచి ఊరగాయ పెట్టుదురా యని అత్త. కొన్నాళ్లు ఆ యింట మాటలు కరవైనవట. విచారించి చూడగా తప్పు వారిరువురిదియు కాదు. ఏ సేరో చెప్పని పుస్తకముది.

దీనికి మూలము మన సీమ చరిత్రలోనే కలదు. ఖమ్మము నిజాము రాజ్యములోనిది. భద్రాచలము చెన్నపురి రాజధానిలో నుండి, 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాకు చెంది, ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరినది. గోదావరికి ఈ గట్టున నొక తూకము, ఆ గట్టున వేరొక తూకము. తులము 11.66 గ్రాములు గనుక ఒక సేరు 933 గ్రాములు, మరియొకటి 280 గ్రాములు. పేరొక్కటియే, బరువు మూడు రెట్లకు పైగా భేదించినది. 1956లో చట్టము వచ్చి, 1958 మొదలు కిలోగ్రాములు క్రమముగా అమలుకాగా ఈ చిక్కు తీరినది. కాని పాత పుస్తకములయందును, అమ్మమ్మల వ్రాతపుస్తకములయందును అది నేటికిని పొంచియున్నది.

ఇక పూర్వగ్రంథముల సంగతి. కల్యాణపురము నేలిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతమున ‘మానసోల్లాసము’ రచించెను. అందలి అన్నభోగ ప్రకరణమున రాజభోజనమునకు తగిన పాకములు పెక్కు గలవు. నేటి ఇడ్డెనను తలపించు పేరుగల వంటకము అందు కలదు. కాని అది మినపపిండితో చేయునది, బియ్యపు మాట లేదు. నలమహారాజు పేరిట వెలసిన ‘పాకదర్పణము’ అన్నమునకు ఎనిమిది దోషములు చెప్పినది. మాడుట, జిగురగుట, అశుచియగుట, ఋతువునకు తగకుండుట మొదలగునవి యందు చేరినవి. దోషము చెప్పు గ్రంథము వంట యెచట చెడునో యెరిగిన గ్రంథము. మన తెలుగున శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు వానకాలమున నొక తీరున, చలికాలమున నొక తీరున, ఎండకాలమున వేరొక తీరున అతిథులకు వడ్డించిన విధము వర్ణించెను. అది కావ్యము, అయినను ఋతువు నెరిగి వండవలెనను పాఠము దానినుండి గ్రహింపవచ్చును.

అయితే ఈ గ్రంథములు చేయి తిరిగిన వంటవారికిని, రసికులకును ఉద్దేశింపబడినవి. క్రొత్త కోడలికి కావు. పైగా నేడు మనము మిరపకాయ లేనిదే ముద్ద మ్రింగము. అది పోర్చుగీసువారి రాకతో అమెరికా ఖండమునుండి వచ్చినది. సోమేశ్వరుని వంటశాలలో కారమనగా మిరియమే. కావున ప్రాచీనమైనంత మాత్రమున పుస్తకము నేటి పొయ్యికి పనికిరాదు.

పెద్దదిక్కు లేని యింట వండుకొనువారికై పుస్తకములు వచ్చుట ఇటీవలి మాట. చెన్నపురిలో ఎస్. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళమున ‘సమైత్తు పార్’ ప్రకటించినది. ‘వండి చూడు’ అని దాని యర్థము. ఆంధ్రప్రభలో ‘ప్రమదావనము’ శీర్షికను దశాబ్దములు నడిపిన మాలతీ చందూరు గారి ‘వంటలు-పిండివంటలు’ ముప్పదికి పైగా ముద్రణలు పొందినది. ఆ తమిళ గ్రంథము పేరే నమ్మకమునకు గీటురాయి. వండి చూచినగాని పుస్తకము గుణము తెలియదు.

కొనబోవువారు నాలుగు సంగతులు పరికింపవలెను. కొలత తూకమా, పాత్రయా? సోలెడు కల్లుప్పు కంటె సోలెడు మెత్తనియుప్పు బరువెక్కువ; ఏ యుప్పో చెప్పని పుస్తకము సగమే చెప్పినది. ఆ పాళ్లు ఎందరికి? పాకము కుదిరిన గుర్తేమి? నూనె తేలుటయా, తీగ సాగుటయా? తుదకు, మన యంగడిలోను, మన చేనిలోను దొరకు వస్తువులతో నిత్యపు పప్పు, పులుసు, పచ్చడి చెప్పినదా? ముందుగా పప్పును, చారును రెండుమారులు వండి చూచి, కుదిరిన పిమ్మటనే ఊరగాయకు దానిని నమ్మవలెను.

ఇంకొక్క మాట. జొన్నరొట్టె, ఇప్పపూవు, వెదురుకొమ్ములు, అడవిదుంపలు పట్టణపు పుస్తకములయందు అరుదు. కొన్ని చేదుదుంపలను తరిగి, ఉడికించి, పలుమారులు నీట నానవేయక తినిన ప్రాణముమీదికి వచ్చును. ఆ విధము మన కోయపెద్దలకు తెలియును, వ్రాసినవారు తక్కువ. వారు దాటిపోయిన నాడు అడుగుట కెవరుందురు?

మా నాయనమ్మ కోపము చల్లారిన పిదప కోడలిచేత ఆ పుట అంచున ‘ఇచటి సేరు 80 తులములు’ అని వ్రాయించినదట. ఆ పుస్తకము నాయొద్ద నున్నది. అచ్చు వెలిసినను ఆ యంచు వ్రాత చెడలేదు. మీ యిండ్లలో ముసలితల్లులు చారెడు, పిడికెడు అన్నప్పుడు దానిని తూచి, గ్రాములలో వ్రాసియుంచుడు. మీ యింటికి నమ్మదగిన పుస్తకము అదియే కాగలదు.