సాహసమును పోషించు ధనము



2012వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన అమెరికా దేశమందలి న్యూ మెక్సికో రాష్ట్రములో, రాస్‌వెల్ పట్టణమునుండి యొక పెద్ద బెలూను ఆకాశమునకు లేచెను. దాని క్రింద వ్రేలాడు చిన్న గదిలో ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ అను ఆస్ట్రియా దేశస్థుడు కూర్చుండియుండెను. రెండున్నర గంటల ప్రయాణము పిమ్మట, భూమికి దాదాపు 39 కిలోమీటర్ల యెత్తున, అతడు తలుపు తెఱచి క్రిందికి దూకెను. నాలుగు నిమిషములకు పైగా ఱాయివలె పడెను. గంటకు 1,357 కిలోమీటర్ల వేగము, అనగా శబ్దమునే మించిన వేగము పొందెను. పిదప పారాచూటు విచ్చుకొనగా క్షేమముగా నేలపై కాలుమోపెను.

ఈ దృశ్యమును నేనును చలనచిత్రముగా చూచితిని. మొదటిసారి అతని ధైర్యమునకు నా యొడలు గగుర్పొడిచెను. రెండవసారి చూచునప్పుడు వేఱొక సంగతి కంటబడెను. అతని శిరస్త్రాణముమీదను, దుస్తులమీదను, ఆ గదిమీదను ఒకటే పేరు, ఒకటే ముద్ర. అది యే రాజ్యపు చిహ్నమును గాదు; ఒక పానీయము నమ్ము వర్తకుల గుర్తు. డబ్బాలలో నమ్మెడు పానీయమునకును, ఆకాశమునుండి దూకు మనుష్యునకును ఏమి చుట్టఱికము? దీనికి సమాధానము చరిత్రలో వెదకవలెను.

సాహసమునకు వర్తకుడు ధనమిచ్చుట నేటి మాట కాదు. విమానముపై ఇంగ్లీషు ఛానలు దాటినవారికి 1,000 పౌనుల బహుమానమును డెయిలీ మెయిల్ అను ఇంగ్లండు పత్రిక చాటెను. 1909 జూలై 19వ తేదీన లాథమ్ అను నతడు బయలుదేరి, యంత్రము చెడి సముద్రమున పడి, దైవవశమున బ్రతికెను. 25వ తేదీన బ్లేరియో అను ఫ్రెంచివాడు దాటి బహుమానము గైకొనెను. మఱి 1919లో న్యూయార్కునందు హోటలు నడపు ఆర్టేగ్ అను నాయన, న్యూయార్కు పారిసు నగరముల నడుమ ఎచ్చటను దిగక ఎగిరినవారికి 25,000 డాలర్లిత్తునని ప్రకటించెను. ఆ ప్రయత్నములలో ఆరుగురు వైమానికులు మరణించిరి. తుదకు 1927 మే నెలలో లిండ్‌బర్గ్ అను యువకుడు ఒంటరిగా 33 గంటలకు పైగా ఎగిరి గెలిచెను. అతని విమానమునకు ధనము సమకూర్చినవారు సెయింట్ లూయిస్ నగరపు ప్రముఖులు. అందుచేతనే దానికి ఆ నగరము పేరు పెట్టబడినది.

ఇచ్చట నొక సూక్ష్మము గమనింపుడు. బహుమానము గెలిచినవానికే చెల్లును. ఓడినవాడు ప్రాణములే కోల్పోయినను చాటినవాని సంచినుండి యొక్క కాసైనను కదలదు.

ఆకాశమునుండి దూకుట మాత్రము మొదట సైనిక కార్యము. 1960 ఆగస్టు 16వ తేదీన అమెరికా వాయుసేనాధికారి కిటింజర్ 31 కిలోమీటర్ల యెత్తునుండి దూకెను. మిక్కిలి యెత్తున విమానము చెడినచో వైమానికుడు బ్రతికి బయటపడు మార్గము కనుగొనుటయే దాని యుద్దేశము. ఐదు దశాబ్దముల వఱకు అంతకు మించిన యెత్తునుండి దూకినవాడు లేడు.

అప్పుడు వర్తకుడు ముందునకు వచ్చెను. డీట్రిచ్ మాటెషిట్జ్ అను ఆస్ట్రియా దేశస్థుడు థాయిలాండులో నొక పానీయమును చూచి, దానిని తయారుచేసిన చాలియో యూవిధ్యాతో కలిసి 1984లో రెడ్ బుల్ కంపెనీని స్థాపించి, 1987లో ఆస్ట్రియాయందు అమ్మకము ప్రారంభించెను. సరకు గుణములను వర్ణించుటకంటె, ప్రాణమునకు తెగించి ఆడువారి తలపై సరకు ముద్ర నుంచుట మేలని గ్రహించిన చతురుడాయన. 2012 నాటి దుముకును యూట్యూబులోనే యేకకాలమున 80 లక్షలమంది చూచిరి.

అయినను న్యాయము చెప్పవలెను. ఆ కంపెనీ బహుమానము చాటి చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఏండ్ల తరబడి ఇంజనీర్లను వైద్యులను పనిలో నుంచెను. వైద్యులకు పెద్దయైన జోనథన్ క్లార్క్ భార్య, 2003లో కొలంబియా అంతరిక్షనౌక ఛిన్నాభిన్నమైనప్పుడు మరణించిన యేడుగురిలో నొకతె. అంతటి యెత్తున ప్రాణము నిలుపుట యాయనకు వట్టి వ్యాపారపు మాట కాదు. ఇక భూమినుండి బౌమ్‌గార్ట్‌నర్ చెవిలో ధైర్యము పలికినవాడెవడనుకొంటిరి? 84 ఏండ్ల కిటింజరే!

2014 అక్టోబరు 24వ తేదీన అలన్ యూస్టస్ 41 కిలోమీటర్లకు పైనుండి దూకెను. ఆయన అప్పట్లో గూగుల్ కంపెనీలో ఉన్నతోద్యోగిగా నుండెను. కంపెనీ సాయము చేయ సిద్ధపడినను, తన పని ప్రకటనగా మాఱునని ఆయన వలదనెను. ఎక్కువ యెత్తు యూస్టస్‌ది. ఎక్కువ పేరు బౌమ్‌గార్ట్‌నర్‌ది. కీర్తిని కొలుచునది యెత్తు కాదు, చాటింపు.

ఆ సంవత్సరమే క్లిఫ్ బార్ అను అమెరికా తినుబండారముల కంపెనీ, తాను పోషించుచున్న ఐదుగురు పర్వతారోహకులను విడిచిపెట్టెను. త్రాడులేక కొండలెక్కుట, శిఖరములనుండి దూకుట వంటి పనులలోని అపాయమునకు తాను ఒడిగట్టజాలనని చెప్పెను. వారిలో నొకడైన డీన్ పాటర్ 2015 మే నెలలో యోసెమిటీ లోయలో ఱెక్కల దుస్తులు తొడిగి దూకి మరణించెను. బౌమ్‌గార్ట్‌నరును 2025 జూలై 17వ తేదీన ఇటలీలో పారాగ్లైడరు కూలి అసువులు బాసెను.

కావున ధనమే మృత్యుకారణమనుట తొందరపాటు; ధనము మానిన సాహసము మానుననుట భ్రమ. సాహసము మనుష్యుని స్వభావము. ధనము దానికి నిచ్చెన వేయగలదు. దిగువ వల పట్టనుగలదు. పోషకుని మనమడుగవలసిన ప్రశ్న యొక్కటే: నీ ముద్ర వేయించుట కెంత వెచ్చించితివి, ఆ మనిషిని తిరిగి యింటికి చేర్చుట కెంత వెచ్చించితివి?

పెద్దలారా, మీ గ్రామములలో ఏ పందెమునకైనను బహుమానము చాటునప్పుడు, ఈ ప్రశ్నను మొదట మిమ్ము మీరే వేసికొందురుగాక.